భక్తిరంజనికీ వార్తలకూ నడుమ: ఉదయపు రేడియోలో రాజకీయానికి చోటెక్కడ?

ఉదయం ఆరు గంటలకు కొన్ని నిమిషాల ముందు, మీడియం వేవ్ 358.4 మీటర్లు అంటే 837 కిలోహెర్ట్జ్ మీద, ఆకాశవాణి విజయవాడ కేంద్రం సంకేత ధ్వనితో మేలుకుంటుంది. తంబురా శ్రుతి మీద వయొలిన్ పలికే ఆ శివరంజని ఛాయల స్వరాన్ని, నాజీల బారిన పడకుండా 1934లో బొంబాయి చేరిన యూదు సంగీతకర్త వాల్టర్ కాఫ్‌మన్ కూర్చాడని చెబుతారు. ఆ వెనుక వందేమాతరం, మంగళవాద్యం, భక్తిరంజని వస్తాయి. ఆరూముప్పావుకు ప్రాంతీయ వార్తలు, ఏడుకు ఐదు నిమిషాల ముందు సంస్కృత వార్తలు, ఏడు దాటగానే తెలుగులో జాతీయ వార్తలు, ఆపైన లలిత సంగీతమో శాస్త్రీయ సంగీతమో. దశాబ్దాల తరబడి కొద్దిపాటి మార్పులతో తెలుగువారి తెల్లవారుజాము ఈ వరుసలోనే గడిచింది.

మా ఇంట్లో రేడియో వంటింటి గోడ గూట్లో ఉండేది. భక్తిరంజని సాగుతున్నంతసేపూ దాని మానాన అది పాడుకునేది, ఎవరూ దాని వైపు చూసేవారు కారు. ‘ప్రాంతీయ వార్తలు’ అనే మాట వినబడగానే పెద్దవాళ్లెవరో వచ్చి గుండీ తిప్పి గొంతు పెంచేవారు, సంస్కృతం మొదలవగానే తగ్గించేవారు, తెలుగు వార్తలకు మళ్లీ పెంచేవారు. ఆ గుండీ తిరుగుడులో శ్రోత దేన్ని వింటున్నాడో, దేన్ని వినబడనిస్తున్నాడో తేటగా తెలిసేది. ఆ ఎత్తుపల్లాలు ఇప్పుడు గుర్తు చేసుకుంటే ఒక సంగతి తడుతుంది. గంటన్నర సేపు సాగే ఆ ప్రసారంలో సంస్కృతి ఉంది, వార్త ఉంది, వార్తలో భాగంగా ముఖ్యమంత్రి పర్యటనా ప్రధానమంత్రి ప్రసంగమూ ఉన్నాయి. ఒక మంత్రిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ‘మీరు నిన్న చెప్పింది ఇదీ, ఇవాళ చేసింది ఇదీ, ఎందుకని?’ అని అడిగిన ఉదయం మాత్రం నాకు ఒక్కటీ గుర్తు లేదు.

ఇది కార్యక్రమాలను కూర్చినవారి అభిరుచి వల్ల వచ్చిన లోటని చాలామంది అనుకుంటారు. నేనలా అనుకోను. ఉదయపు రేడియోలో వార్త, రాజకీయం, సంస్కృతి ఏ పాళ్లలో కలవాలన్నది మొదట లైసెన్సు నిర్ణయించింది, తరువాత నియమావళి నిర్ణయించింది, చివర మిగిలిన కాస్త జాగాలోనే అభిరుచి పనిచేసింది.

లైసెన్సు సంగతి 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం దాకా వెళుతుంది. తంతి మీద ప్రభుత్వానికి ఇచ్చిన గుత్తాధిపత్యమే తంతి లేని ప్రసారానికీ వర్తించింది. 1936లో ఆలిండియా రేడియో అన్న పేరు ఏర్పడేనాటికి అది ప్రభుత్వ శాఖ. 1938లో మద్రాసు కేంద్రం నుంచి తెలుగు వినిపించడం మొదలైంది, 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం వచ్చింది. తెలంగాణ వైపు దారి వేరు. అక్కడ 1935 నుంచి దక్కన్ రేడియో నిజాం ప్రభుత్వానిది, ప్రధానంగా ఉర్దూలో నడిచేది. 1948 సెప్టెంబరు 17న నిజాం తన సైన్యాన్ని పోరు ఆపమన్న మాట ప్రజలకు చేరింది ఆ రేడియో ద్వారానే. 1950లో ఆ కేంద్రం ఆలిండియా రేడియోలో కలిసింది. అటు బ్రిటిష్ పాలన, ఇటు సంస్థానం. రెండు చోట్లా రేడియో ఏలేవాడి గొంతుగానే పుట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక ఏలేవాడు మారాడు గానీ గొంతుకూ ఏలికకూ ఉన్న సంబంధం మారలేదు.

ఆ సంబంధం ఎంత బిగువైనదో 1975 జూన్ 26 ఉదయం దేశానికి తెలిసింది. ముందు రాత్రి ఢిల్లీలో పత్రికా కార్యాలయాలున్న బహదూర్ షా జఫర్ మార్గ్‌కు కరెంటు తీసేశారు, చాలా పత్రికలు అచ్చు కాలేదు. జయప్రకాశ్ నారాయణ్‌ను తెల్లవారకముందే అరెస్టు చేశారు. పొద్దున్నే రేడియో మాత్రం యథావిధిగా పలికింది. అందులో ఇందిరాగాంధీ, రాష్ట్రపతి అత్యవసర పరిస్థితిని ప్రకటించారనీ, భయపడవలసిన పని లేదనీ చెప్పారు. అదే రోజుల్లో సమాచార ప్రసార శాఖ ఐ.కె. గుజ్రాల్ చేతి నుంచి వి.సి. శుక్లా చేతికి మారింది. గుమ్మంలో పత్రిక పడలేదు, గూట్లో రేడియో ఆగలేదు: దేశ చరిత్రలో ఉదయపు రేడియోకు అతి పెద్ద రాజకీయ వార్త దొరికింది ఆ రోజే, ప్రశ్న అడిగే వీలు బొత్తిగా లేనిదీ ఆ రోజే.

ఎమర్జెన్సీని పక్కన పెట్టి మామూలు రోజుల సంగతి చూద్దాం. ఆకాశవాణిలో మాట్లాడేవారికి ఒక ప్రసార నియమావళి ఉంది. మిత్రదేశాలను విమర్శించరాదు, మతాలమీద సముదాయాలమీద దాడి చేయరాదు, అశ్లీలం, పరువునష్టం, హింసకు ప్రేరేపణ, కోర్టు ధిక్కారం ఉండరాదు అన్న నిషేధాలు ఏ దేశంలోనైనా ఏదో రూపంలో కనిపించేవే. అసలు మెలిక మరి రెండింటిలో ఉంది: రాజకీయ పార్టీని పేరు పెట్టి దుయ్యబట్టరాదు, ఏ రాష్ట్రాన్ని గానీ కేంద్రాన్ని గానీ వైరభావంతో విమర్శించరాదు. పార్టీ పేరెత్తకుండా, ప్రభుత్వాన్ని తప్పుపట్టకుండా రాజకీయం మాట్లాడడం ఎలా సాధ్యం? ఈ రెండు నియమాలూ పాటిస్తే చర్చ పథకాల వివరణగా మిగులుతుంది. అందుకే ఆకాశవాణిలో సమీక్షలూ ప్రసంగాలూ ఎన్ని వచ్చినా అవి ముందే రాసి, పైవారు చూసి ఆమోదించిన ప్రతిని చదవడంగా సాగాయి. ఎన్నికలప్పుడు పార్టీలకు రేడియోలో సమయం ఇవ్వడం 1977లో మొదలైంది, అక్కడా ప్రసంగ పాఠాన్ని ముందుగా చూపించవలసిందే.

ప్రశ్నకు చోటు లేనప్పుడు ఆ కాలాన్ని నింపేది సంస్కృతి. ఆ నింపడం ఎంత గొప్పగా జరిగిందంటే, లోటు ఉందన్న సంగతే మనం మరచిపోయాం. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం వంటివారు పనిచేసిన విజయవాడ కేంద్రంలో భక్తిరంజని ఒక సంగీత పాఠశాల స్థాయికి ఎదిగింది. కచేరీకి వెళ్లే స్తోమత లేని ఇంటికి అన్నమయ్య, రామదాసు, తత్త్వాలు పాలవాడికంటే ముందే వచ్చి చేరేవి. లలిత సంగీతం అనే ప్రక్రియకు తెలుగులో ఇంత కవిత్వమూ ఇన్ని బాణీలూ దక్కడానికి కారణం రేడియోయే, అందులో సందేహం లేదు.

అయితే లలిత సంగీతం వెనుక కూడా ఒక మంత్రిగారి నిర్ణయం ఉంది. 1952 నుంచి 1962 వరకు సమాచార ప్రసార శాఖను చూసిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటంటే గిట్టదు. ఆకాశవాణిలో దాని పాలు కుదించుకుపోయింది, ఆ ఖాళీలో శాస్త్రీయ సంగీతాన్ని పెంచారు, సినిమా కాని తేలిక పాటలు రాయించి బాణీ కట్టించారు. శ్రోతలు మాత్రం గుండీని రేడియో సిలోన్ వైపు తిప్పారు. వాళ్లను వెనక్కి రప్పించుకోవడానికి 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలైంది. హార్మోనియం కథా ఇలాంటిదే: మన సంగీతపు గమకాలకు అది పనికిరాదంటూ 1940 నుంచి 1971 దాకా ఆ పెట్టెను ఆకాశవాణి స్టూడియో గడప తొక్కనివ్వలేదు. పొద్దున్నే వినిపించే పాటలో ఏ వాద్యం ఉండాలో కూడా రాజ్యం తేల్చిన రోజులవి. సంస్కృతి విభాగంలో రాజకీయం లేదని ఎవరైనా అంటే నాకు హార్మోనియం గుర్తొస్తుంది.

ఇక్కడే సంస్కృత వార్తల ప్రస్తావన తేవాలి. 1974 జూన్ 30న మొదలైన ఆ ఐదు నిమిషాల బులెటిన్ మన పల్లెల్లో ఎంత ప్రసిద్ధమంటే, ‘ఇయమ్ ఆకాశవాణీ, సంప్రతి వార్తాః శ్రూయంతామ్, ప్రవాచకః బలదేవానందసాగరః’ అన్న మాటలను ఒక తరం పిల్లలు బడికి పోతూ అనుకరించేవారు. ఆ బులెటిన్ విని కొత్త సంగతి తెలుసుకున్న మనిషి మా వీధిలో ఒక్కడూ లేడు. అదే సంగతి పది నిమిషాల ముందు ప్రాంతీయంలోనో, పది నిమిషాల తర్వాత జాతీయంలోనో అచ్చ తెలుగులో వచ్చేది. అయినా దాన్ని కట్టేసేవారు కారు. ఆకారంలో అది వార్త, పనిలో అది సుప్రభాతానికి కొనసాగింపు. వార్త, రాజకీయం, సంస్కృతి అనే మూడు పాయలు ఎక్కడ కలుస్తాయో చూపడానికి ఆకాశవాణిలో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

తెలుగు వార్తలకూ ఒక భాషా రాజకీయం ఉంది. ‘ఆకాశవాణి, వార్తలు చదువుతున్నది ఫలానా’ అన్న వాక్యాన్ని చూసి, మనిషిని ‘చదువుతున్నది’ అనడమేమిటని నొచ్చుకునేవాళ్లు ఉన్నారు. అది అగౌరవం కాదు, ‘చదువుతున్నది ఎవరంటే’ అన్న నామవాచక నిర్మాణం, వ్యాకరణం ప్రకారం పరమ శుద్ధం. నొచ్చుకోదగ్గ విషయం వేరొకటుంది. గ్రామీణ కార్యక్రమాల్లో రైతుకూ అక్కకూ మధ్య నడిచే సంభాషణలో వినిపించే తెలంగాణ యాసకు వార్తల గదిలోకి ప్రవేశం దొరకలేదు. విత్తనాల గురించి చెప్పేటప్పుడు ఆ మాట పనికొచ్చింది, శాసనసభ గురించి చెప్పేటప్పుడు పనికిరాలేదు. కోస్తా జిల్లాల చదువుకున్నవారి తెలుగు ప్రమాణమైంది. ఎవరి మాట వార్త, ఎవరి మాట వినోదం అన్న ఈ విభజన తర్వాతి కాలంలో తెలంగాణ ఉద్యమం ఎత్తిచూపిన గాయాల్లో ఒకటి.

ఈ మూడు పాయలూ ఒకే మనిషిలో కలిసిన సందర్భం కూడా ఉంది. కొంగర జగ్గయ్య ఢిల్లీలో ఆకాశవాణి తెలుగు వార్తలు చదివారు, సినిమాల్లో ఆ కంచుకంఠంతోనే పేరు తెచ్చుకున్నారు, ఠాగూర్ గీతాంజలిని తెలుగు చేశారు, 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. వార్త చదివిన గొంతు రాజకీయంలోకి వెళ్లేనాటికి స్టూడియో విడిచిపెట్టేసిందన్నది గమనించాలి.

మరి ఇంకోలా ఉండే వీలుందా? వివిధభారతి పుట్టిన నెలలోనే, 1957 అక్టోబరు 28న, లండన్‌లో బీబీసీ ‘టుడే’ అనే ఉదయపు కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. ఒకే నెలలో ఒక ప్రభుత్వ రంగ రేడియో పాటల వైపు, మరొకటి మాటల వైపు తలుపు తెరిచాయి. తొలినాళ్ల టుడే అంత గంభీరమైనదేమీ కాదు. చాలా ఏళ్లు దాన్ని నడిపిన జాక్ డి మానియో టైము తప్పు చెప్పడానికే ప్రసిద్ధుడు. 1970ల తర్వాతే అది రాజకీయ నాయకులను నిలదీసే వేదికగా ముదిరింది. ఇప్పుడు సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆరు నుంచి తొమ్మిది వరకు మూడు గంటలు నడుస్తుంది. ఎనిమిదీ పదికి వచ్చే ముఖాముఖి కోసం మంత్రులు సిద్ధపడి వస్తారు, ఆ రోజు పార్లమెంటులో ఏది రచ్చ అవుతుందో చాలాసార్లు అక్కడే ఖాయమవుతుంది. విచిత్రమేమిటంటే అదే కార్యక్రమంలో ఏడూముప్పావు దాటాక ‘థాట్ ఫర్ ది డే’ పేరుతో మూడు నిమిషాల లోపు ఒక మతచింతన వస్తుంది. క్రైస్తవులు ఎక్కువ, యూదులు, ముస్లింలు, హిందువులు, సిక్కులు, బౌద్ధులు కూడా మాట్లాడతారు. ఏ మతమూ లేనివారికి ఎందుకు చోటివ్వరన్న వివాదం ఏళ్లుగా నలుగుతోంది. అంటే భక్తిరంజని వాళ్లకూ ఉంది. మనకు గంట ముందు భక్తి, తర్వాత వార్త; వాళ్లకు రెండు ముఖాముఖిల నడుమ భక్తి. ‘ఎవరి భక్తి?’ అన్న ప్రశ్న అక్కడ బాహాటంగా అడిగారు, మనం అంతగా అడగలేదు.

నిలదీయడానికి వాళ్లు చెల్లించిన మూల్యం కూడా తక్కువేమీ కాదు. 2003 మే 29 ఉదయం ఆరూ ఏడు నిమిషాలకు, ఆండ్రూ గిలిగన్ అనే విలేఖరి రాసిన ప్రతి లేకుండా మాట్లాడుతూ, ఇరాక్ నలభై ఐదు నిమిషాల్లో మారణాయుధాలు ప్రయోగించగలదన్న మాట తప్పని ప్రభుత్వానికి బహుశా ముందే తెలుసునని అన్నాడు. ఆ కథనానికి మూలమైన శాస్త్రవేత్త డేవిడ్ కెల్లీ జూలైలో మరణించారు. 2004 జనవరిలో హటన్ విచారణ నివేదిక బీబీసీని తప్పుపట్టగా, సంస్థ ఛైర్మన్ గావిన్ డేవిస్, డైరెక్టర్ జనరల్ గ్రెగ్ డైక్ ఇద్దరూ పదవులు వదులుకున్నారు. ఉదయం ఆరు గంటల వేళ నోటికొచ్చిన ఒక్క వాక్యం అంత దూరం తీసుకుపోయింది. ముందే రాసిన ప్రతిని చదివించే ఆకాశవాణి పద్ధతిలో ఇలాంటి ప్రమాదానికి తావు లేదు, అలాంటి కథనానికీ తావు లేదు. బీబీసీకి జీతం లైసెన్సు రుసుము రూపంలో ఇళ్ల నుంచి వస్తుంది. ఆకాశవాణిని 1997లో ప్రసార భారతి కిందికి తెచ్చి స్వయంప్రతిపత్తి ఇచ్చామన్నా, డబ్బు ప్రధానంగా కేంద్ర ప్రభుత్వ పద్దు నుంచే వస్తోంది. గొంతు తేడాకు సగం కారణం అక్కడుంది.

ప్రభుత్వ రేడియో అడగలేనిది ప్రైవేటు రేడియో అడుగుతుందనుకుంటే, మన దేశంలో ఆ దారి మూసి ఉంది. 1995 ఫిబ్రవరిలో, నిజానికి ఒక క్రికెట్ పోటీ ప్రసారం మీద మొదలైన వ్యాజ్యంలో, వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు తేల్చింది. 2001లో బెంగళూరులో మొదటి ప్రైవేటు ఎఫ్ఎం పలికింది, తర్వాత తెలుగు నగరాలకూ వచ్చింది. కానీ లైసెన్సు షరతుల ప్రకారం వాటికి సొంత వార్తలు, వర్తమాన వ్యవహారాలు నిషిద్ధం. 2011 నాటి మూడో దశ విధానం ఆకాశవాణి బులెటిన్‌ను ఒక్క అక్షరం మార్చకుండా తిరిగి వినిపించడానికి ఒప్పుకుంది. ట్రాఫిక్, వాతావరణం, పండుగలు, పరీక్షా ఫలితాలు, కరెంటు నీళ్ల సరఫరా, ప్రకృతి వైపరీత్యాల హెచ్చరికలు వంటివాటిని ‘వార్తలు కానివి’గా లెక్కకట్టింది.

ఈ లెక్క స్టూడియోలో ఎలా పనిచేస్తుందో ఊహించి చూడండి. హైదరాబాద్‌లో ఒక ఆర్జే ఉదయం ఎనిమిదింటికి ఇందిరా పార్కు వైపు బండ్లు కదలడం లేదని చెప్పవచ్చు, వేరే దారి చూసుకోమనవచ్చు, ఆ జామ్‌కు తగిన పాట కూడా వేయవచ్చు. బండ్లు ఆగింది ధర్నా వల్లనైతే, ఆ ధర్నా ఎవరు చేస్తున్నారో, ఏం అడుగుతున్నారో, ప్రభుత్వం ఏమంటున్నదో చెప్పడం మొదలుపెట్టిన క్షణాన అతడు గీత దాటినట్లే. వాననీళ్లు నిలిచాయన్నది సమాచారం, నాలా ఎవరు కబ్జా చేశారన్నది వార్త. అదే ఆర్జే మాట్లాడేదాన్ని పత్రిక రాయవచ్చు, టీవీ చూపవచ్చు, ఫోనులో ఎవరైనా పెట్టవచ్చు. రేడియోకు మాత్రమే ఈ కట్టడి. భద్రతా కారణాలనీ, అన్ని కేంద్రాలనూ కనిపెట్టి ఉండడం కష్టమనీ ప్రభుత్వం చెప్పే సమాధానం, వందల వార్తా ఛానళ్లున్న దేశంలో నాకు నిలబడేదిగా కనిపించదు. 2013లో కామన్ కాజ్ అనే సంస్థ దీన్ని సుప్రీంకోర్టులో సవాలు చేసింది. కట్టడి మాత్రం తొలగలేదు.

అలా రేడియోలో చోటు దొరకని రాజకీయం టీవీకి వలస పోయింది. ఏడు నుంచి తొమ్మిది దాకా ఏ తెలుగు వార్తా ఛానల్ పెట్టినా ఆనాటి దినపత్రికలు బల్ల మీద పరచి ఉంటాయి, చుట్టూ ఇద్దరు ముగ్గురు పార్టీ ప్రతినిధులూ ఒక పాత్రికేయుడూ ఉంటారు. అక్కడ ప్రశ్నకు కొదవ లేదు, పార్టీ పేరెత్తడానికి అడ్డు లేదు. సంస్కృతి మాత్రం పక్క ఛానల్‌కు, భక్తి ఇంకో ఛానల్‌కు, పాట మరో ఛానల్‌కు వెళ్లిపోయాయి. టుడేలో మూడూ ఒకే కార్యక్రమంలో ఒకదాని భుజాన్ని ఒకటి రాసుకుంటూ నడుస్తాయి. మనకు అరుపు ఒక గదిలో, కీర్తన ఇంకో గదిలో. ఒకే ఇంట్లో తాత ఫోనులో కీర్తన వింటుంటే, కొడుకు హాల్లో చర్చ చూస్తుంటే, ఎవరి గొంతు ఎవరు తగ్గించాలన్నది కొత్త తగాదా.

కార్యక్రమాల వరుస మీదా ఇప్పుడు రేడియో కేంద్రానికి పట్టు సడలింది. ప్రసార భారతి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో విజయవాడ, హైదరాబాద్ ప్రసారాలు ఎక్కడివారికైనా అందుతాయి, బులెటిన్లను విడిగా ఎప్పుడైనా వినవచ్చు. వేసవిలో విజయవాడలో ఆరు గంటలంటే డాలస్‌లో ముందు రోజు రాత్రి ఏడున్నర. అక్కడ ఒక తెలుగు కుటుంబం భోజనాల వేళ యాప్ తెరిస్తే మంగళవాద్యం, భక్తిరంజని, ఆ తర్వాత అన్నం గిన్నెలు తీసే వేళకు ప్రాంతీయ వార్తలు, సింకు దగ్గర ఉండగా సంస్కృతం. ఏ బల్ల మీదనో ఆనించిన ఆ ఫోనుకు తిప్పడానికి గుండీ లేదు. నచ్చని ముక్క రాగానే వేలితో ఒక్కసారి తాకితే ఆగిపోతుంది.